గృహపరిశ్రమ: త్రుప్పును, మడ్డిని వదలించు విధములు

సముద్రతీరమునందలి యొక పట్టణమునుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. వారి మామగారి అంబాసిడరు కారు ఆఱేండ్లుగా కొట్టమునందు కదలక నిలిచియున్నదట. 2014వ సంవత్సరమున ఆ బండి తయారీయే నిలిచిపోయినది గదా. కావున కొన్ని భాగములు క్రొత్తవి దొరకుట కష్టము. విప్పి పెట్టిన భాగములను చూచి ఒక మెకానిక్కు, "కడిగి నల్లరంగు పూసినచో క్రొత్తవానివలె నుండు"నని చెప్పెనట. మఱియొకడు అన్నియు పాతయినుము క్రింద అమ్మివేయుడనెనట. ఎవరి మాట నమ్మవలెను? ఇంటియందే త్రుప్పు వదలించుకొనదలచినచో చింతపండు మేలా, ఆసిడు మేలా, కిరోసిను మేలా? ఇదియే వారి ప్రశ్న. ఆ బండిలో రేపు పిల్లలు కూర్చుందురు గనుక ఈ ప్రశ్నను తేలికగా తీసికొనరాదని మేము దీనికి ఈ నెల పుటలన్నియు నిచ్చుచున్నాము. కారు లేని సోదరీమణులు పుట త్రిప్పివేయ నక్కఱలేదు. కత్తిపీటకును, కుట్టుమిషనుకును, పిల్లల సైకిలు గొలుసునకును పట్టునది ఈ త్రుప్పే.

ఇనుము, గాలియందలి ప్రాణవాయువు, నీరు ఈ మూడును కలసిననే త్రుప్పు పుట్టును. మూడింటిలో ఒక్కటి లేకున్నను పుట్టదు. ఉప్పు తోడైనచో ఈ పని మిక్కిలి వేగముగా జరుగును. కనుకనే విశాఖపట్టణమునందును, మచిలీబందరునందును కిటికీ ఊచలు తినివేయబడినంత త్వరగా కరీంనగరమునందు తినివేయబడవు. అమరకోశము ఇనుప మలమునకు మండూరమనియు, సింహాణమనియు రెండు పేర్లు చెప్పినది. మలమను మాట మిక్కిలి తగియున్నది. ఏలయన త్రుప్పు ఇనుముపై వచ్చి పడిన ధూళి కాదు. ఇనుమే మాఱి త్రుప్పైనది. ఎంత త్రుప్పు రాలినదో అంత ఇనుము పోయినదన్నమాట. పోయిన దానిని ఏ మందును తిరిగి తేలేదు. మఱియు త్రుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును; బోల్టునకును నట్టునకును నడుమ ఉబ్బి రెంటిని బిగించివేయును. పానా పట్టి ఎంత త్రిప్పినను తిరుగకుండుటకు కారణమిదే.

కావున ఆ మెకానిక్కు లిద్దఱి మాటయు మాకు సమ్మతము కాదు. త్రుప్పుమీదనే నల్లరంగు పూయుట కురుపుమీద పట్టుచీర కప్పుట వంటిది. అన్నియు పారవేయుమనుటయు తొందరపాటే. త్రుప్పు వదలించుటయందలి ముఖ్యప్రయోజనము అందము కాదు, లోపల ఎంత ఇనుము మిగిలినదో కంటితో చూచుట. కడిగి చూచినగాని ఏది ఉంచదగినదో, ఏది పారవేయదగినదో తెలియదు.

మొదట మడ్డి సంగతి. నూనె, గ్రీజు, దుమ్ము కలసి గట్టిపడిన మడ్డిని వదలించక ఏ పులుసునందు నానబెట్టినను పని జరుగదు. జిడ్డుపై నీరు నిలువదు గదా, పులుసు మాత్రము త్రుప్పును ఎట్లు తాకును? తఱచుగా మా పాఠకులు "నిమ్మరసము పని చేయలే"దని వ్రాయుటకు కారణము రసము కాదు, జిడ్డు. ముందుగా చెక్కపుల్లతోనో, పాత చెంచాతోనో మందపు మడ్డిని గోకి కాగితముపై తీసివేయవలెను. తరువాత కిరోసినుగాని డీసెలుగాని కొంచెము పళ్లెమునందు పోసి, పాత పండ్లబ్రష్షుతో రుద్దవలెను. నేడు చాల ఊళ్లలో కిరోసిను దొరకుట కష్టము గనుక డీసెలే గతి. పిమ్మట వేడినీటిలో గిన్నెలు తోము సబ్బుగాని, చాకలిసోడాగాని వేసి కడిగినచో జిడ్డు మిగులదు.

ఇచ్చట రెండు హెచ్చరికలు. కిరోసినును డీసెలును సురక్షితమని చాలమంది తలతురు. సుమారు 35, 40 డిగ్రీల వేడియందే వాని ఆవిరి నిప్పు నందుకొనగలదు. మన మే నెల మధ్యాహ్నములు అంతకు మించియే యుండును. కావున ఈ పని ఉదయమున, ఆరుబయట, పొయ్యికిని దీపారాధనకును దూరముగా జరుగవలెను. పెట్రోలుతో కడుగుట మాత్రము ఏ కాలమునందును వలదు. గడ్డకట్టించు చలియందు సైతము దాని ఆవిరి మండును. ఆ ఆవిరి గాలికంటె బరువైనది గనుక నేల వెంట ప్రాకి వంటయింటి గడప దాటి పొయ్యిని చేరగలదు. పురుషులు "మేమెన్నడును ఇట్లే కడిగితి"మందురు. కాలనివారే కదా ఆ మాట చెప్పగలిగినది.

రెండవది కాస్టిక్కు సోడాను గూర్చి. ఇనుముమీది మడ్డిని అది చక్కగా వదలించును. కాని అల్యూమినియమును, జస్తమును తినివేయును. కార్బురేటరు, పిస్టను మొదలగునవి తఱచుగా ఈ తేలిక లోహములతో చేయబడియుండును. అయస్కాంతము నొకదానిని చేత నుంచుకొని, అంటుకొననిదానిని ప్రక్కకు తీసివేసి సబ్బునీటితో మాత్రమే కడుగవలెను. పిల్లల పెన్సిలుపెట్టె నుండి తీసిన చిన్న అయస్కాంతము చాలును. అయితే జస్తపు పూత పెట్టిన ఇనుప వస్తువు అయస్కాంతమునకు అంటుకొనును గాని దానిపై పూత పులుసునకు నిలువదు. తెల్లని మెఱుపుగల బోల్టులను వేఱుగా పెట్టుడు.

ఇక త్రుప్పు. దానిని వదలించు విధములు చాల కలవు గాని గోకుట, పులుసులో నానుట, విద్యుత్తు, త్రుప్పునే వేఱు వస్తువుగా మార్చుట అని చెప్పుకొన్నచో అన్నియు అందులో నిముడును.

గోకుట అన్నిటికంటె పాతది. ఇనుపతీగల బ్రష్షు, గరుకు కాగితము, ఇనుపపీచు ఇవి మన కెఱిగినవే. ఖర్చు లేదు, తడి లేదు, ప్రమాదము తక్కువ. పొరలుపొరలుగా ఊడు త్రుప్పునకు మొదట దీనిని వాడవలసినదే. కాని గుంటలలోని త్రుప్పును బ్రష్షు చేరలేదు. చేరినచోట మంచి ఇనుమునుగూడ అరుగదీయును. నునుపుగా నుండి ఒకదానిపై నొకటి తిరుగవలసిన భాగములకు, బేరింగులు, ఇరుసు కొనలు మొదలగువానికి, గరుకు కాగితము తగిలింపరాదు. కరెంటు యంత్రమునకు తగిలించు తీగల చక్రమునుండి తీగలు సూదులవలె ఎగిరిపడును. కండ్లద్దములు లేక దాని దగ్గఱకు పోరాదు, చీర కొంగును జడను ముడిచియే పోవలెను. ఇసుకను గాలితో చిమ్మి త్రుప్పు వదలించువారు పట్టణములలో కలరు. మామూలు ఇసుక చిమ్మినపుడు లేచు సన్నధూళి ఊపిరితిత్తులను గట్టిపఱచు సిలికోసిసు రోగమును తెచ్చును. బ్రిటనునందు 1949 నాటి నిబంధనలతోనే పోతపనుల శుభ్రతకు ఇసుక చిమ్ముటను నిషేధించిరి. మన భాగములను అట్టి చోటికి పంపునపుడు ఏ పొడి వాడుదురని యడుగుట మన ధర్మము; అచట పని చేయు బిడ్డయు ఒక తల్లి బిడ్డయే గదా.

పులుసుల విషయమున మాకు స్వానుభవము కలదు. పాత తలుపుల బందులనుండి తీసిన ఒకే తీరు త్రుప్పు మరలను జిడ్డు వదలించి నాలుగు గాజు సీసాలలో వేసి చూచితిమి. ఒకదానిలో చింతపండు పులుసు, ఒకదానిలో బజారు వెనిగరు, ఒకదానిలో నిమ్మఉప్పు నీరు, నాలుగవదానిలో బెల్లపు మడ్డి కలిపిన నీరు. నిమ్మఉప్పు తెల్లవారునప్పటికే పని ముగించెను; బ్రష్షుతో తుడువగా బూడిదవన్నె ఇనుము బయటపడెను. లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మఉప్పు చాలును. గోరువెచ్చని నీరైన ఇంకను త్వరగా జరుగును. వెనిగరునకు మఱునాటివఱకు కాలము పట్టెను; పైగా ఆ వాసన ఇల్లంతయు వ్యాపించును. చింతపండు పని చేయకపోలేదు గాని, మిగిలిన రెంటికంటె మందకొడి. ఇత్తడి బిందెలకు రాణియైన చింతపండు ఇనుమువద్ద దాసియే. ఉన్న ధరలలో దానిని సీసాలకొలది పోయుట దుబారా.

బెల్లపు మడ్డిని గూర్చి కొంత చెప్పవలెను. చెఱకు ఫ్యాక్టరీలలో మిగులు మడ్డి ఒక పాలు, నీరు తొమ్మిది పాళ్లు కలిపి అందులో ఇనుమును ముంచియుంచుదురు. పది పదునైదు దినములు పట్టును. అందలి పదార్థములు త్రుప్పుతో కూడి దానిని నీటిలో కరగించుకొనిపోవును; మంచి ఉక్కును అంతగా ముట్టవు. పెద్ద భాగములకు, సందుగొందులున్నవానికి, తొందర లేనివారికి ఇది మంచి పద్ధతి. అయితే పులిసి నురుగు కట్టి కంపు కొట్టును, ఈగలకు పండుగ. నల్లబెల్లముతో చేయుదమన్నచో, నాటుసారా కాచువారి పుణ్యమా యని దానిపై ఎక్సైజువారి కన్నుండును. ఇంట్లో పెద్దవారున్నచో పెరటి చివరకు తప్ప మేము దీనిని సిఫారసు చేయము. అల్యూమినియపు భాగములను ఇందులోను వేయరాదు.

పులుసునుండి తీసిన ఇనుము శత్రువుచే చిక్కిన సైన్యమువలె నిరాయుధము. నీట కడిగి ఊరక పెట్టినచో అర్ధగంటలో నారింజవన్నె త్రుప్పు మరల దిగును. అందుచేత తీసిన వెంటనే చాకలిసోడాగాని వంటసోడాగాని కలిపిన నీటిలో ముంచి పులుపు విఱచి, మంచినీట కడిగి, గుడ్డతో ఒత్తి, ఎండలోనో జుట్టు ఆరబెట్టు యంత్రముతోనో పూర్తిగా ఆరబెట్టి, వేడి తగ్గకముందే నూనె పూయవలెను. తినెడి నూనెలు కొన్నాళ్లకు బంకగా మాఱును. కుట్టుమిషను నూనె శ్రేష్ఠము. కడుగుట రాత్రి మొదలుపెట్టి, తీయుట తీరికగా నున్న ఉదయమునకు ఉంచుకొనవలెనని మా సలహా. పొయ్యిమీద పాలు పెట్టి ఈ పనికి కూర్చుండరాదు.

బాత్రూము కడుగు హైడ్రోక్లోరికు ఆసిడును గూర్చి చాలమంది అడుగుదురు. అది నిమిషములలో త్రుప్పును తినును, నిజమే. తరువాత ఆగక ఇనుమునుగూడ తినును. దాని ఆవిరి ఆ గదిలోనే యున్న కత్తెరలను, కుట్టుమిషనును త్రుప్పు పట్టించును. బ్లీచింగు పొడితో కలసెనా, ఊపిరి నాపు క్లోరిను వాయువు వెలువడును. అన్నిటికంటె కంటికి కనబడని కీడొకటి కలదు. గట్టి ఉక్కును ఇట్టి ఆసిడులో ఉంచినపుడు పుట్టు ఉదజనివాయువు ఉక్కులోనికి దూరి దానిని పెళుసుగా చేయును. పైకి నిగనిగలాడు స్ప్రింగు, చక్రమును పట్టియుంచు గట్టి బోల్టు, తరువాతి దినములలో భారము పడినపుడు పుటుక్కున విఱుగవచ్చును. బండి వేగముగా పోవుచుండగా అట్లు జరుగుట ఎవరు కోరుదురు? స్ప్రింగులను, అధికబలముగల బోల్టులను ఈ ఆసిడులో ముంచుట ఎంతమాత్రమును కూడదు. వానిని గోకి శుభ్రము చేసికొనుటయో, క్రొత్తవి కొనుటయో మేలు. ఇంటియందు ఈ ఆసిడు అసలు వలదని మా నిశ్చయము.

విద్యుత్తుతో చేయునది మాకు మిక్కిలి నచ్చిన పద్ధతి. అయితే తెలిసిన పెద్దవారు ఒకరు ప్రక్క నుండవలెను. ప్లాస్టికు తొట్టెలో నీరు పోసి, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచాడు చొప్పున చాకలిసోడా కలుపుదురు. త్రుప్పు పట్టిన భాగమును నడుమ వ్రేలాడదీసి, బ్యాటరీ ఛార్జరు యొక్క ఋణ తీగను దానికి తగిలింతురు. ధన తీగను పనికిమాలిన మామూలు ఇనుపరేకునకు తగిలించి, రెండును ఒకదాని నొకటి తాకకుండ ఎదురెదురుగా నుంతురు. 12 ఓల్టులు చాలును. త్రుప్పు నల్లబడి వదులై, తడి బ్రష్షుతో తుడువగనే రాలిపోవును. మంచి ఇనుము కొంచెమును పోదు. ఇదియే దీని గొప్ప. రేకునకు ఎదురుగా నున్న వైపు మాత్రమే బాగుగా శుభ్రపడును గనుక మధ్యమధ్య త్రిప్పవలెను. త్రిప్పుటకు ముందు కరెంటు ఆపవలెను. బుడగలుగా వచ్చు వాయువు మండునది గనుక ఆరుబయటనే చేయవలెను. ధన తీగకు స్టెయిన్‌లెస్సు గిన్నెనుగాని గరిటెనుగాని ఎన్నడును తగిలింపరాదు. అందలి క్రోమియము విషరూపమున నీటిలో కలసి ఆ నీటిని పారబోయ వీలులేనిదిగా చేయును. ఇక్కడను ఉదజని పుట్టును గనుక స్ప్రింగులకు ఇదియు తగదు.

మిగిలినది త్రుప్పును మార్చుట. ఇది మన పూర్వులకు వేఱు రూపమున తెలిసినదే. కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి సిరా చేసెడివారు గదా. ఆ నలుపు కరక్కాయయందలి టానిను ఇనుముతో కూడుటవలన వచ్చినది. పలుచని త్రుప్పుపై టానిను పూసినను అట్లే నల్లని గట్టిపొరగా మాఱి రంగు నిలుచుటకు ఆధారమగును. బజారున త్రుప్పును మార్చు మందులని అమ్మునవి చాలవఱకు టానినుగాని ఫాస్ఫరికు ఆసిడుగాని కలవి. ఫాస్ఫరికు ఆసిడు త్రుప్పును ఫాస్ఫేటుగా మార్చును. ఢిల్లీలోని గుప్తుల కాలపు ఇనుప స్తంభము పదునాఱు వందల యేండ్లుగా నిలిచియుండుటకు దాని ఇనుమునందు భాస్వరము ఎక్కువగా నుండి పైన రక్షణపొర ఏర్పడుట ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కాని ఈ మార్చు మందు పెచ్చులూడు మందపు త్రుప్పుపై పూసినచో, పెచ్చుతో కూడ ఊడిపోవును. కారు అడుగుభాగమునకు, జాకీకి, పనిముట్ల పెట్టెకు ఇది బాగు.

ఇప్పుడు ఆ సోదరి భాగముల విషయము. నట్టులు, బోల్టులు, బందులు, బిగింపు పట్టీలు మొదలగు చిన్నవానిని నిమ్మఉప్పునందు వేయుడు. పెద్ద ఇనుప భాగములకు విద్యుత్తు. కార్బురేటరునకు సబ్బునీరు, మెత్తని బ్రష్షు. కడిగిన తరువాత గోటితో తడవి చూడుడు. గుంటలు గోటికి తగులుచు లోతుగా నున్నచో ఆ భాగము భారము మోయు పనికి తగదు. బోల్టుమరల కొనలు కరగి గుండ్రబడినచో బిగువు పట్టదు, పారవేయవలసినదే.

బ్రేకుల విషయమున మాత్రము మితవ్యయము నెంచవలదు. పాతకాలపు బ్రేకు దిమ్మల పొరలో రాతినార, అనగా ఆస్బెస్టాసు, ఉండవచ్చును. డ్రమ్ములోని నల్లపొడిని నోటితో ఊదుట, గాలిపంపుతో ఎగురగొట్టుట, పొడి బ్రష్షుతో దులుపుట మహాప్రమాదము. ఆ సన్నని నార ఊపిరిలో చేరి యేండ్ల తరువాత ప్రాణాంతకమగు వ్యాధులను తెచ్చును. తడిపియే తుడిచి, ఆ గుడ్డను ప్లాస్టికు సంచిలో మూతి కట్టి పారవేయవలెను. మెకానిక్కు ఊదబోవుచున్నచో వారింపుడు. కోపము తెచ్చుకొన్నను సరే. బ్రేకు సిలిండరులలోని రబ్బరు బిళ్లలకు కిరోసిను, డీసెలు, నూనె తగిలినచో ఉబ్బి పాడగును. వానిని బ్రేకు నూనెతోనే కడుగవలెను. ఇక బ్రేకు గొట్టములు. సన్నని ఆ ఉక్కు గొట్టములపై త్రుప్పు గుంటలు కనబడినచో గోకవలదు, మందులు పూయవలదు, రంగు వేయవలదు. పీడనము పడినపుడు చిట్లునది అక్కడనే. క్రొత్త గొట్టములను కొలిచి వంచి అమర్చు పనివారు కలరు. తక్కినవాటికి ఎంత పొదుపు చేసినను వీనికి ఖర్చు పెట్టించుడు. మొదటి మెకానిక్కు నల్లరంగు పూయుదునన్న వస్తువులలో ఈ గొట్టములు కూడ నున్నవేమో అడిగి తెలిసికొనుడు. ఉన్నచో ఆ మెకానిక్కును మార్చుడు.

వాడిన డీసెలును మోరీలోగాని బావి దాపునగాని పోయక, డబ్బాలో పట్టి వాడిన ఇంజనునూనె తీసికొనువారి కిచ్చివేయవలెను. నిమ్మఉప్పు నీటిలో సోడా వేసి పొంగు ఆగువఱకు పులుపు విఱచి, మొక్కలు లేని చోట పోయవచ్చును. చేతులకు అంటిన మడ్డికి కొంచెము కొబ్బరినూనె రాచి, సున్నిపిండితో రుద్దిన తేటగా పోవును. మిగిలిన ఏ మందును చల్లని పానీయముల ఖాళీ సీసాలలో పోసి దాచరాదు. పేరు వ్రాసిన చీటీ అంటించితిమి గదా యందురు. మూడేండ్ల బిడ్డకు చీటీ చదువరాదు. వచ్చిన డబ్బాలోనే మూత బిగించి, అటకపై తాళములో నుంచుడు.